అద్దం చూడని బొట్టు

నేను మొట్టమొదట నేర్చుకున్న పని తలలు కోయడం. నందిగామ బస్టాండు వెనక సందులో ఒక ఫొటో స్టూడియో ఉంది. డిగ్రీ రెండో ఏడాది చదివే రోజుల్లో, కాలేజీ అయిపోగానే అక్కడికి వెళ్ళి, కంప్యూటర్ ముందు కూర్చుని, మనుషుల తలలు కోసి సూట్ల మీద అతికించేదాన్ని. పాస్‌పోర్టు సైజు ఫొటో కోసం వచ్చేవాళ్ళలో సగం మంది పొలం నుంచో, లారీ దిగో నేరుగా వచ్చేవాళ్ళే. చొక్కాకి పై గుండీ ఉండేది కాదు, మెడలో తువ్వాలు మాత్రం ఉండేది. అలాంటివాళ్ళ కోసం కంప్యూటర్లో 'సూట్లు' అని ఒక ఫోల్డరు పెట్టుకున్నారు. అందులో తలల్లేని కోట్లూ టైలూ వరసగా నిలబడి ఉండేవి. మిరపకోతల్లోంచి వచ్చిన మనిషి కాసేపట్లో బ్యాంకు మేనేజరై బయటికి వెళ్ళేవాడు. ఫొటో చూసుకుని తనే నవ్వుకునేవాడు.

నిజానికి నేను ఆ స్టూడియోకి నేర్చుకోవడానికి వెళ్ళలేదు, గొడవ పెట్టుకోవడానికి వెళ్ళాను. స్కాలర్‌షిప్పు దరఖాస్తు కోసం ఫొటో దిగితే నన్ను ముగ్గుపిండిలా తెల్లగా చేసి ఇచ్చారు. మాది నందిగామ పక్కన కీసర. మా ఇంట్లో అందరం నలుపే. ఎండలో పత్తి తీసే మనుషులం, ఇంకే రంగులో ఉంటాం? ఇంటికెళ్ళి కవరు విప్పి చూసుకుంటే ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున్నే కాలేజీకి కూడా వెళ్ళకుండా కౌంటరు ముందు నిలబడ్డాను.

"ఇది నేను కాదండి," అన్నాను.

కౌంటరు వెనక కూర్చున్నావిడ ఫొటో చూసింది, నన్ను చూసింది. ఆ స్టూడియో భార్యాభర్తలది. ఆయన కెమెరా పట్టుకుని పెళ్ళిళ్ళకి ఊళ్ళు తిరుగుతాడు, ఈవిడ కూర్చుని ఎడిటింగు చేస్తుంది.

"అందరూ తెల్లగా చెయ్యమనే అడుగుతారమ్మా. చెయ్యకపోతే మొహం ముడుచుకుని పోతారు," అంది.

"నేను అడగలేదుగా."

"అయితే నువ్వే చేసుకో, రా," అని కుర్చీలోంచి లేచింది.

ఎగతాళి చేస్తోందనుకున్నాను. కాదు. నిజంగానే మౌసు నా చేతికిచ్చి, తను పక్క స్టూలు మీద కూర్చుంది. ఏది నొక్కితే ఏమవుతుందో చెబుతూ పోయింది. నా ముఖం మీదికి నా రంగు నేనే తిరిగి తెచ్చుకున్నాను. అది కుదిరేసరికి మధ్యాహ్నం అయింది, క్లాసులన్నీ పోయాయి. ఆవిడ తెర వైపు కాసేపు చూసి, "ఫోన్లో ఎడిటింగు చేస్తుంటావా?" అని అడిగింది.

"మా ఫ్రెండ్స్ ఫొటోలు చేస్తుంటానండి."

"రేపట్నుంచి కాలేజీ అవ్వగానే రా, నేర్పుతా. అండీ గిండీ వద్దు, అక్కా అను."

గొడవ పడటానికి వచ్చిన నోరున్న పిల్లని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలని ఆవిడకి ఎందుకు అనిపించిందో నాకు ఇప్పటికీ తెలియదు. వేరే ఎవరైనా అయితే కొత్త ప్రింటు తీసి మొహాన కొట్టి పంపేవాళ్ళు. ఇవాళ జగ్గయ్యపేటలో నాకంటూ ఒక చిన్న గది, ఒక కంప్యూటరు, నా చేతి బొమ్మలు అడిగి చేయించుకునే మనుషులూ ఉన్నారంటే అది ఆ రోజు ఆమె కుర్చీలోంచి లేవబట్టే.

అక్క నేర్పే పద్ధతి వేరు. మొదట్లో ఎన్నాళ్ళో నా చేత ఒక్క జుట్టే చేయించింది. ముఖం ఎంత నీటుగా కోసినా, చెవి పక్కన ఎగిరే నాలుగు వెంట్రుకలు వదిలేస్తే తల అట్టముక్కలా కనిపిస్తుంది. "జుట్టు దగ్గరే దొరికిపోతాం," అనేది. ఆ తర్వాత మచ్చలు. మచ్చ పక్కనున్న మంచి చర్మాన్ని తీసి మచ్చ మీద కప్పడం. అది చేతకొచ్చాక నాకు పిచ్చి పట్టింది. కనబడ్డ ప్రతి ముఖాన్నీ కడిగి ఆరేసేదాన్ని. అక్క నెత్తి మీద ఒకటి మొట్టి, "పొక్కు తీసెయ్, పుట్టుమచ్చ ఉంచు. పొక్కు నాలుగు రోజుల్లో పోద్ది, పుట్టుమచ్చ పోదు," అని చెప్పింది.

ఒక రోజు బీరువా మీద నుంచి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి దించింది. అందులో పలకలాంటిది, దానితోపాటు పెన్ను. పలక మీద గీస్తే గీత కంప్యూటర్లో పడుతుంది. "కొనేటప్పుడు సంబరపడి కొన్నా. నా చేతికి లొంగలా. నువ్వు పట్టుకో," అంది. అది పట్టుకున్న రోజు నేను అన్నం తినడం మరిచిపోయాను. పలక మీద చెయ్యి, తెర మీద చూపు. మొదట్లో ముక్కు గీస్తే చెంప మీద పడేది. పడుతూ లేస్తూ కళ్ళు గీయడం నేర్చాను, పెదాలు నేర్చాను, చీర మడతల్లో నీడ ఎక్కడ ఉంటుందో నేర్చాను. తప్పు గీసినా ఒక్క నొక్కుతో వెనక్కి పోవచ్చు. అంత నిర్భయంగా నేను అంతకు ముందు ఏ పనీ చేయలేదు.

అక్క నాకివ్వని పని ఒకటుండేది. పోయినవాళ్ళ ఫొటోలు. దినానికో, సంవత్సరీకానికో పెద్ద ఫ్రేము కట్టించుకుందామని పాత ఫొటో పట్టుకుని వస్తారు కదా, అవి. వాళ్ళు రాగానే అక్క కంప్యూటరు వదిలేసి, కుర్చీలు వేసి, టీ తెప్పించి కబుర్లు పెట్టేది. ఏం తినేవారు, ఎలా నవ్వేవారు, ఏ చీర కట్టేవారు. నాకు విసుగొచ్చేది. పని పేరుకుపోతుంటే ఈ కబుర్లేంటి అని లోపల సణుక్కునేదాన్ని. ఆ కబుర్లు పనిలో భాగమని నాకెవరు చెప్పారు?

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మేం ప్రార్థన మందిరానికి వెళ్ళేవాళ్ళం. మా ఇంట్లో ఎవరూ బొట్టు పెట్టుకోరు. అక్క రోజూ స్టూడియోలో దేవుడి పటం దగ్గర దీపం పెట్టి కొబ్బరిముక్క చేతిలో పెడితే తినేసేదాన్ని, అమ్మకి మాత్రం చెప్పేదాన్ని కాదు. మా ముందుగదిలో గోడ మీద మా నాయనమ్మ ఫొటో ఉంది. నాయనమ్మ బాప్తిస్మం పుచ్చుకున్నాక ఒక్కనాడు బొట్టు పెట్టి ఎరగదు. ఆమె పోయాక నాన్న ఎక్కడో ఫ్రేము కట్టించుకొస్తే, అందులో నుదుటి మీద రూపాయి బిళ్ళంత బొట్టు ఉంది. స్టూడియోవాళ్ళు అలవాటు కొద్దీ పెట్టేశారు. నాన్న "మంచికే పెట్టుంటార్లే" అని మేకు కొట్టి తగిలించాడు. అమ్మ మాత్రం దుమ్ము దులిపినప్పుడల్లా, "మా అత్తకి అడక్కుండా బొట్టెట్టిన మొనగాడెవడో గానీ," అని దెప్పుతూనే ఉండేది. ఈ సంగతి తర్వాత నాకు అక్కరకొచ్చింది.

పెళ్ళిళ్ళ రోజులు. అక్క కూడా ఆయనకి సాయంగా ఆ వారమంతా మైలవరం పెళ్ళిళ్ళకి వెళ్ళింది. స్టూడియోలో నేనొక్కదాన్నే ఉన్నాను. ముక్త్యాల దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దాయనా, ఆయన కోడలూ వచ్చారు. తెల్లటి పంచె, భుజాన కండువా, చేతిలో ప్లాస్టిక్ సంచి. సంచిలోంచి గుడ్డ, గుడ్డలోంచి పేపరు, పేపరులోంచి ఫొటో తీశారు. ఆయన భార్య ఫొటో. ఆమె పోయి ఏడాది కావస్తోంది, వచ్చే ఆదివారం సంవత్సరీకం.

"ఇదొక్కటే ఉందమ్మా. ఇంకెక్కడా దిగలా ఆమె. ఆధార్ కార్డులో ఉంది గానీ, అందులో ఎవర్నో కొట్టొచ్చినట్టుంటది. అది వద్దు," అన్నారు పెద్దాయన.

ఫొటోని వెలుతురులో పెట్టి చూశాను. బీరువాలో చీరల కింద ఏళ్ళ తరబడి ఉండి చెమ్మ పట్టింది. ముఖం నిండా, చీర నిండా, వెనక గోడ నిండా ఎర్రటి, గోధుమరంగు మచ్చలు. రంగు మొత్తం ఎరుపుకి తిరిగింది. మా అక్క లేదు, వచ్చాక ఇవ్వండి అని చెప్పాల్సింది. కానీ ఇలాంటి ఫొటో నా చేతికి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నదాన్ని. "శనివారానికి ఇస్తానండి," అనేశాను. వాళ్ళు ఫొటోని ఒకసారి చూసుకుని వెళ్ళిపోయారు.

ఆ వారం నేను వేరే పని ముట్టలేదు. స్కాన్ చేసి, దగ్గరికి తెచ్చి, మచ్చ తర్వాత మచ్చ తీసుకుంటూ పోయాను. చెంప మీదివి తీశాను, మెడ మీదివి తీశాను, నుదుటి మీద కనుబొమ్మ పైన ఒకటుంటే అదీ తీశాను. పోయిన చీర అంచుని పలక మీద గీసి నింపాను. ఎరుపు తగ్గించి, చామనచాయ చర్మాన్ని చామనచాయగానే నిలబెట్టాను, తెల్లగా చేయలేదు. చివరికి అందులోంచి ఒక మనిషి తేలింది. ఇంత పని నా చేత్తో నేనే చేశానా అని పొంగిపోయాను. అక్కకి ఫోన్లో పంపితే పెళ్ళి హడావుడిలో బొటనవేలు గుర్తు పెట్టి వదిలేసింది. ప్రింటు తీశాను, ఫ్రేము బిగించాను.

శనివారం మధ్యాహ్నం వాళ్ళొచ్చారు. నేను ఫ్రేము కౌంటరు మీద పెట్టి, పైనున్న కాగితం తీసి, పొగడ్త కోసం నిలబడ్డాను. కోడలు చూసింది. ఆమె చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

"బొట్టేదమ్మాయ్?"

నాకు అర్థం కాలేదు.

"బొట్టు. పసుపు కుంకాలతో పోయిన మనిషండీ మా అత్తగారు. మామయ్యగారు ఇక్కడ నిలబడే ఉన్నారు. రేపు చుట్టాలందరి ముందూ ఈ మొహం పెట్టి మేం ఏం చెప్పాలి?"

అప్పుడు వెలిగింది. కనుబొమ్మ పైన నేను తీసేసినది చెమ్మ మచ్చ కాదు. బొట్టున్న ఇంట్లో పెరిగిన పిల్ల ఎవరైనా ఆడమనిషి ఫొటో చూస్తే ముందు బొట్టు వెతుక్కుంటుంది. నేను వెతకలేదు. నా కళ్ళకి ఆ అలవాటు లేదు. పైగా అది రంగు వెలిసి, నడిమధ్యన కాకుండా పక్కకి ఉంది. ఇన్ని మచ్చల్లో అదొక మచ్చ అనుకున్నాను.

కోడలు నా నుదుటి వైపు చూసింది. "మీవాళ్ళు పెట్టుకోరని మాకూ తీసేస్తావా?"

ఆ మాట చురుక్కున తగిలింది. నాది అసలే మంచి నోరు కాదు. నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే మా గోడ మీది నాయనమ్మా, దుమ్ముగుడ్డ పట్టుకుని దెప్పుతున్న మా అమ్మా గుర్తొచ్చారు. మా అమ్మ ఏళ్ళుగా పడుతున్న ఉక్రోషమే ఈవిడదీను. మా ఇంటి మనిషికి ఎవరో అడక్కుండా పెట్టారు, వీళ్ళింటి మనిషికి నేను అడక్కుండా తీశాను.

"కావాలని తియ్యలేదు ఆంటీ. మచ్చనుకున్నా. ఇప్పుడే సరిచేస్తా, కూర్చోండి," అన్నాను.

పెద్దాయన కౌంటరు దగ్గరికి జరిగారు. ఫ్రేముని రెండు చేతులతో పట్టుకుని చూస్తున్నారు. కోపం లేదు. మెల్లగా అన్నారు.

"నేనింకా బతికే ఉన్నాగా తల్లీ."

ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. లోపలికి పోయి అక్కకి ఫోన్ చేశాను. వెనక బాజాలు మోగుతున్నాయి. నేను చెప్పింది అక్క అంతా విన్నది. తిట్టలేదు.

"ముందు ఏడుపాపు. వాళ్ళకి టీ తెప్పియ్. ఒరిజినల్ తెరిచి పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకో. అడుగు. నాకు తెలిసింది ఇంతే, నేను చేసేదీ ఇంతే," అంది.

టీ తెప్పించాను. పెద్దాయన్ని నా పక్కన కూర్చోబెట్టాను. మా కంప్యూటర్లో సూట్లకి ఉన్నట్టే బొట్లకీ ఒక ఫోల్డరు ఉంది. గుండ్రటివి, నిలువువి, పెద్దవి, చిన్నవి. అందులోంచి గుండ్రటిదొకటి తీసి, కనుబొమ్మల మధ్య కొలత చూసుకుని, సరిగ్గా నడిమధ్యన పెట్టాను. కోడలు ఊపిరి పీల్చుకుంది. పెద్దాయన మాత్రం తల అడ్డంగా ఊపారు.

"బాగానే ఉందమ్మా. ఎవరో మహాతల్లి. మా ఇంటామె కాదు."

నేను కవరు పట్టుకుని ఇదే కౌంటరు ముందు అన్న మాటే ఇది. ఇంక కోపం తెచ్చుకోవడానికి నాకు హక్కెక్కడిది? బొట్టు చిన్నది చేశాను. కాదన్నారు. రంగు ముదురు చేశాను. కాదన్నారు. ఏది కాదో ఆయనకి తెలుస్తోంది, ఏదో చెప్పలేకపోతున్నారు. "మర్చిపోతున్నానేమో తల్లీ. ఏడాదేగా అయింది. అప్పుడే మర్చిపోతున్నానేమో," అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. రేపు ఫ్రేములో ఎవరు కూర్చుంటారన్నది అప్పటిదాకా నా పని గురించిన భయం. అక్కణ్ణుంచి అది ఆయన భయం. ఈ ముఖం కుదరకపోతే ఆయనకి ఇంక భార్య ముఖం అంటూ ఎక్కడా మిగలదు.

అక్క చెప్పినట్టు ఒరిజినల్ తెరిచాను. నేను మచ్చనుకున్న చోటుని దగ్గరికి తెచ్చి చూశాను. గుండ్రంగా లేదు, కాస్త కోలగా ఉంది. ఎడమ కనుబొమ్మ వైపుకి జరిగి ఉంది.

"తాతగారూ, ఆమె బొట్టు ఇలా పక్కకి ఉండేదా?"

ఆయన తెర వైపు వంగారు. చాలాసేపు చూశారు. తర్వాత నవ్వారు.

"ఉండేది గాక? ఎప్పుడు నడిమిట్లో ఉంది కనక? తెల్లారగట్ట లేచి గేదెల దగ్గరికి పోతా పోతా, గూట్లో చెయ్యి పెట్టి, భరిణె తడుముకుని, తడి వేలుతో అద్దుకుని పోయేది. అద్దం చూసే మనిషి కాదు. పక్కకి పోయిందే అంటే వినేదా? 'చూసేది నువ్వొక్కడివేగా, నీ తల కాస్త పక్కకి వంచుకో, సరిపోద్ది' అనేది."

"అవునండీ. నాకు గుర్తే రాలేదు చూడండి," అంది కోడలు. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

ఫోల్డర్లోని బొట్టు తీసేశాను. అది స్టిక్కరు, వేలితో పెట్టిన కుంకుమ కాదు. పలక మీద గీద్దామని చూశాను, నా గీతకీ ఆ అంచు రాలేదు. పెద్దాయన లేచి, అక్క దేవుడి పటం దగ్గరున్న కుంకుమ భరిణె తెచ్చి, వేలు తడి చేసుకుని, తెల్లకాగితం మీద అద్ది చూపించారు. కాగితం మీద పెద్ద ముద్ద పడింది. "నా వేలు మోటు. ఆమెది సన్నం," అన్నారు. కోడలు అద్దింది. అదీ వెడల్పుగానే వచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకుని వేళ్ళు చూసింది.

"నీ వేలు సరిపోద్ది. అంత సన్నం మా అత్తగారిది," అంది. అని, చటుక్కున ఆగింది. "నీకు పర్లేదా? మీ ఇంట్లో ఏమన్నా అంటారా?"

ఇందాక నా నుదుటి వైపు చూసిన మనిషేనా అడుగుతోంది? నాకు ఆమె మీద ఉన్నదంతా ఆ ఒక్క ప్రశ్నతో పోయింది.

"పర్లేదు ఆంటీ," అన్నాను.

నేను పుట్టి బుద్ధెరిగాక కుంకుమ ముట్టడం అదే మొదలు. వేలు తడి చేసుకుని, అద్దుకుని, కళ్ళు మూసుకుని కాగితం మీద పెట్టాను. అద్దం చూడకుండా పెట్టాలి కదా మరి. కాగితాన్ని స్కాన్ చేసి, తెలుపు పోగొట్టి, ఆ గుర్తుని ఆమె నుదుటి మీద, పాత బొట్టు ఉన్న చోటనే ఉంచాను. చీర మీద వెలుగు ఎటు నుంచి పడుతోందో చూసుకుని కాస్త నీడ ఇచ్చాను. ఈలోగా సాయంత్రమైంది. వాళ్ళ ఊరికి ఆఖరి బస్సు అందుకోవాలి. తెర మీద చూసి సరేనన్నారు గానీ, పెద్దాయనకి ఇంకా అనుమానమే. "కాగితం మీద ఎట్టొస్తదో," అన్నారంతే. పొద్దున్నే నేనే తెచ్చి ఇస్తానని మాటిచ్చి పంపించాను.

కాసేపటికి అక్క మైలవరం నుంచి వచ్చింది. సంచి కూడా దించకుండా ప్రింటు చూసింది, పాత ఫొటో చూసింది, మళ్ళీ ప్రింటు చూసింది.

"తప్పు నాదేనే. నేను బొట్లు చూస్తా పెరిగా, నువ్వు చూళ్ళేదు. చెప్పాల్సింది నేనేగా," అంది. తర్వాత ప్రింటు మీద వేలు ఆనించకుండా గాలిలోనే ఆ బొట్టు చుట్టూ గీసి, "ఇది నాకు కూడా రాదు," అంది. ఆ మాట నేను దాచుకున్నాను. ఇప్పటికీ పని కుదరని రోజు తీసి చూసుకుంటాను.

ఇంటికెళ్ళి అమ్మకి అంతా చెప్పేశాను, కొబ్బరిముక్కల సంగతితో సహా. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది.

"చెయ్యి కడుక్కున్నావా?"

"కడుక్కున్నా."

అమ్మ కూర కలిపి మూత పెట్టింది. "పోయినామె కోసం చేసావు. మంచి పనేలే," అంది. ఇంకాసేపటికి ముందుగది వైపు తల తిప్పి, "మన ముసలామెకి పెట్టినోడు కూడా నీలాగే తెలీకే పెట్టుంటాడు పాపం," అంది. ఆ తర్వాత ఎప్పుడో నాయనమ్మ ఫొటో నేను స్టూడియోకి తీసుకెళ్ళి ఆ బొట్టు తీసేశాను. ఈసారి అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, నాయనమ్మ గురించి అడిగి అడిగి తీశాను. అమ్మ చెప్పిన కబుర్లకి ఆ రోజు అక్క కూడా పని మానేసి కూర్చుంది.

ఆదివారం పొద్దున్నే ఫ్రేముని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని జగ్గయ్యపేట బస్సెక్కాను. అక్కడ దిగి ఆటో మాట్లాడుకున్నాను. ముక్త్యాల రోడ్డంతా సిమెంటు లారీలు. ఒక్కో లారీ దాటినప్పుడల్లా దుమ్ము పడకుండా దుప్పటి మీద నా చున్నీ కూడా కప్పాను. దారంతా ఒకటే దిగులు. తెర మీద ఉన్నది కాగితం మీద ఉండదు. ఇంట్లో వెలుతురు వేరు. ఆయన మళ్ళీ కాదంటే నేనింక ఏం చేయగలను?

ఇంటి ముందు షామియానా వేశారు. చుట్టాలు వచ్చి ఉన్నారు. కోడలు నన్ను చూసి ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకెళ్ళింది. గోడకి ఆనించి ఒక కుర్చీ, దాని మీద తెల్లటి గుడ్డ, పక్కన పూలదండ సిద్ధంగా ఉన్నాయి. దుప్పటి విప్పి ఫ్రేముని కుర్చీలో నిలబెట్టాను. దండ వెయ్యబోతుంటే కోడలు ఆపింది. "ముందు మామయ్యగారు చూడనీ," అంది.

పెద్దాయన లోపల్నుంచి వచ్చారు. కుర్చీ ముందు నిలబడ్డారు. కుదరలేదేమో, రెండడుగులు వెనక్కి వేశారు.

ఆయన అక్కడే ఆగారు. ఫొటో వైపే చూస్తూ, తల కాస్త పక్కకి వంచారు.